పన్నెండో పిల్లి

ధాతు నామ సంవత్సరం, కార్తీక బహుళ విదియ
గద్వాల

బేగం ఇయ్యాల గూడ కుదురుగ కూసోలే. పొద్దుగాల పాలు పోసి, ఎండల సాప ఏసి, బతిమాలి కూసోబెడితె, నేను కుంచె తడిపెటాల్లకు లేసి ఒళ్లు ఇరుసుకొని హలీమాబీ మిద్దె మీదికి పోయింది. పేరు పెట్టింది గూడ ఆ పక్కింటి హలీమాబీయే. బేగమంట. పేరుకు తగ్గట్టు నడుస్తున్నది దొరసాని.

గోడ మీద ఇది పన్నెండో పిల్లి. సత్తెమ్మ పోయిన ఏడు, అంటె పదమూడేండ్ల కింద, ఆమె సాదిన ఎర్రపిల్లిని మొదలు గీసిన. ఆమెనే గియ్యాల్నని కూసున్న గని చెయ్యి లేవలే. పెండ్లాం మొకం గియ్యలేనోడు ఏం పటాలోడు? అందుకని ఆమె ఒళ్లె పండుకునే పిల్లిని గీసిన. అటెన్క ఇంట్లకు వచ్చిన పిల్లినల్ల గీసుకుంట పోయిన. ఊరోళ్లకు నేను రాముని పటం గీస్త, లచ్చిమి పటం గీస్త, ఆంజనేయులు తోక ఎంత పొడుగు గావాలంటె అంత పొడుగు గీస్త. ఈ లోపలి గోడ ఒక్కటి నాది. "పటాల బాలన్నకు పిల్లులే దేవుండ్లు" అని నవ్వుతరు. నవ్వనీ, వాళ్ల పండ్లు వాళ్ల ఇష్టం.

మీసాలు గియ్యనీకె సన్న కుంచె కట్టాలె. బేగం ఈపు మీద రాలిన ఎంట్రుకలు దువ్వి దువ్వి ఏరుతున్న. పావురం ఈక గొట్టంల గుచ్చి దారంతోని కడితె, దాని అంత సన్నగ గీసే కుంచె ఈ దునియల లేదు. బేగం మీసాలు బేగం ఎంట్రుకతోనే గియ్యాలె. ఇది నా పట్టు.

మా అక్క జోగులక్కతోని ఇయ్యాల లొల్లి అయింది. ఈ దసరకు ఇంటికి సున్నం కొట్టినప్పుడు ఎర్రపిల్లి చెవి మీద చుక్క పడగొట్టింది. నేను ఇయ్యాల సూసిన. "కండ్లు కనవడ్తలేవా?" అంటె, "కనవడ్తలేవు తమ్మీ, యాభై ఎనిమిదేండ్లొచ్చినయ్" అన్నది. సత్తెమ్మ పోయినంక నాకింత వండిపెట్టనీకె వచ్చింది. ఆమెకు గూడ మొగడు లేడు. ఏటేటా ఇల్లంత సున్నం కొడ్తది, నా పిల్లుల్ని మాత్రం ఇడిసిపెడ్తది. నేను గట్టిగ చెప్పిన గన్కనే ఇడిసిపెడ్తది, లేకుంటె ఎప్పుడో పూసేసేది.

పుట్టిల ఏరు దాటి అవతల, పెద్దమందడి దిక్కు, ఎలుకలు సచ్చి పడుతున్నయంట. పిలేగు. ఎవని ఇంట్ల ఎలుక పడ్డా సర్కారు చౌడిల చెప్పాల్నని ఇయ్యాల దండోరా ఏసిండ్రు. చెప్తె ఇల్లు ఖాళీ చేయించి, ఊరవతల గుడిసెలకు తోలి, ఇంట్ల ఉన్న గోడలన్నిటికి లోపల బయట సున్నం కొడ్తరంట.

గోడలన్నిటికి.

మాకేంది? రెండు పిల్లులున్న ఇల్లు ఇది. బేగం, దాని కొడుకు సిపాయి.

చవితి

ఇయ్యాల కూసున్నది! ఈపు అయింది, తోక అయింది. నన్ను ఎవ్వరు మాట్లాడియ్యొద్దు.

షష్ఠి

అక్కకు ఏమైందో ఏమో, పొద్దుగాల నుంచి చెవిల జోరీగ లెక్క తిరుగుతున్నది. "తమ్మీ, వీపనగండ్లకు పోదామురా, లింగయ్య బావను సూడక ఎన్ని దినాలాయె" అంటది. ఆ బావ మొకం సూస్తె ఆమెకు ఎన్నడు పడది కాదు. "పో అక్క, నువ్వు పోయిరా" అన్న. "నిన్ను ఇడిసి నేనెట్ల పోత?" అన్నది. "నాకు పని ఉన్నది." "ఎన్ని దినాల పని?" "నాలుగు, అయిదు. ఎందుకు నెత్తి తింటవ్?" అని గట్టిగనే అరిసిన. గోడ దిక్కు జరసేపు సూసి వంటింట్లకు పోయింది.

అరవకుంటె బాగుండు. గని పనిల ఉన్నప్పుడు నన్ను కదిలిస్తె నాకు మంట లేస్తది, ఆమెకు తెల్వదా ఏంది?

ఇంకో సంగతి. హలీమాబీ ఇంటికి తాళం పడ్డది. మనుమరాలిని తీస్కోని బల్మూర్ల తమ్మునింటికి పోయిందంట. గోడకు గోడ కలిసిన ఇల్లు, ఇరవై ఏండ్ల సోపతి, ఒక్క మాట చెప్పిపోలే. నేను పిల్లి పేరు మారుస్తనని పోయినేడాది అన్నదానికి ఇంక మనసుల పెట్టుకున్నట్టుంది. పోతె పోయింది. గాజుల మూట మోసుకొని ఊర్లు తిరిగి అమ్ముకునేటోళ్లకు నిల్కడ ఉండదు.

అక్కను అడిగితె "ఏమో, నాకేం ఎర్కా" అన్నది.

అష్టమి

బేగం ఇయ్యాల ఎలుకను పట్టింది.

రంగు చిప్పల పక్కన, గోడ మొదట్ల పడున్నది. పెద్ద ఎలుక. మూతి కాడ జర రక్తమున్నది. రక్తమున్నదంటె పిల్లి పట్టినట్టే కద. బేగంను పిలిచి చూపించిన. వాసన చూసి పక్కకు పోయింది. కడుపు నిండున్నట్టుంది. సిపాయి వచ్చి మూతి పెట్టిండు, నేను తరిమెటాల్లకు జర కొరికిండు గూడ.

చౌడిల చెప్పాల్నా? ఎందుకు చెప్పాలె? చెప్పమన్నది పడ్డ ఎలుకల సంగతి. పిల్లి పట్టిన ఎలుక సంగతి కాదు. పిల్లి పట్టిన ప్రతి ఎలుకకు చౌడికి పోతె చౌడిల పండుకోవాలె మనం.

అక్క పెరట్ల లేనప్పుడు చూసి, బట్టల చుట్టి, బెండ చెట్ల కింద పాతిపెట్టిన. పారకు పనే లేదు, మన్ను మెత్తగున్నది. అక్క చెట్లకు పాదులు చేసినట్టుంది. మంచిదే అయింది, నా నడుముకు శ్రమ తప్పింది.

అక్కకు చెప్పలే. భయపడ్తది. ఆడోళ్లు ఎలుక పేరెత్తితె ఊరంత చెప్పుకుంట పోతరు.

బేగం మొకం సగమయింది. కండ్లు రేపు.

నవమి

పిల్లే పట్టింది.

దశమి

కండ్లు అయినయ్. పచ్చమన్నుల జర జాజు కలిపి, తుమ్మబంక తగ్గించి పూస్తె వచ్చినయ్ ఆ కండ్లు. పదమూడేండ్ల నుంచి ఇట్లాంటి కండ్లు నాకు రాలే. కడమ పదకొండు పిల్లులు గోడ మీద ఉన్నయ్, ఇది మాత్రం గోడల నుంచి సూస్తున్నది. సత్తెమ్మ ఉంటె నన్ను మెచ్చుకునేది కాదు. "ఆ పనేందో నా దిక్కు చూసి చెయ్యొచ్చు కద" అని మూతి తిప్పేది. ఎంత తిప్పినా మూడుసార్లు చాటుకొచ్చి చూసిపోయేది.

అక్క చూసి నిలవడ్డది. "దీనికి మీసాలేవి?" అన్నది. "కుంచె కట్టాలె" అన్న. "ఎన్ని దినాలు?" అన్నది మల్ల. ఈమె దినాల పిచ్చేందో నాకు అర్థమైతలేదు. గని ఇయ్యాల నవ్వుకుంట చెప్పిన, "మూడు దినాలు అక్క. అటెన్క నువ్వు యాడికంటె ఆడికి పోదాం, లింగయ్య బావ మొకమన్న చూద్దాం." అక్క గూడ నవ్వింది. నవ్వి, పిల్లుల పక్కన నేల మీద పసుపునీళ్లు చల్లి పోయింది.

సిపాయి పొద్దటి నుంచి పాలు ముట్టలే.

ఏకాదశి

సిపాయి దవడ కింద వాపు. నిమ్మకాయంత ఉన్నది. తేనెటీగ కుట్టినట్టుంది. పెరట్ల తేనెటీగలు తిరుగుతనే ఉన్నయ్. ఉండవా ఏంది, పూలున్న తాన?

మధ్యాన్నం టీకా డాక్టరు, ఆయన జవాను ఇల్లిల్లు తిరుక్కుంట వచ్చిండ్రు. నేను పోయి రంగు చిప్పల కాడ అడ్డం నిలవడ్డ, ఎందుకో తెల్వదు. నేనేమన్న దొంగతనం చేసిన్నా? టీకా ఏపిచ్చుకోమన్నరు. నేను ఏపిచ్చుకున్న. అక్క "నాకొద్దు నాయినా, సూది సూస్తె కండ్లు తిరుగుతయ్" అని వంటింట్ల దూరింది. ఎంత పిలిచినా రాలే. డాక్టరు చిన్నోడు, మంచోడు. "రేపన్న పంపు" అని పోయిండు.

పోయే ముందు అడిగిండు, "మీ ఇంట్ల ఎలుకలేమన్న పడ్డయా?"

"రెండు పిల్లులున్న ఇంట్ల ఎలుక యాడిది సార్?" అన్న. నవ్విన గూడ.

ఆయన గోడ సూసిండు. శానసేపు సూసిండు. "ఇవి మీరే గీసిండ్రా? హైద్రాబాద్ల గూడ ఇట్లాంటి పని సూడలే" అన్నడు. నాకు ఒళ్లు పొంగింది. వంటింటి తలుపు కాడ నుంచి అక్క అన్నది, అడగకముందే: "ఎలుకల్లేవు నాయినా, ఒక్కటి గూడ పడలే."

అక్కకు ఎన్నడు లేనిది అంత దైర్నంగ మాట్లాడింది. నా పనిని డాక్టరు మెచ్చుకున్నడని ఉషారొచ్చినట్టుంది.

ద్వాదశి

సిపాయి పోయిండు. పెరట్ల కాదు, ఊరవతల వంక కాడ పాతొచ్చిన. ఆడిదాంక ఎందుకు పోయిన్నో నాకే తెల్వదు. నాలుగేండ్ల పిల్లి. నా భుజం మీద ఎక్కి కూసోని ఊరంత తిరిగేటోడు.

తేనెటీగ ఇసం చిన్న పానాన్ని తీస్తది. తీయదా?

ఏడుపొస్తున్నది. పిల్లి కోసం ఏడిస్తె నలభై తొమ్మిదేండ్లోన్ని సూసి ఎవరన్న నవ్వుతరు. ఎవరున్నరు నవ్వనీకె, వాడంత సగం ఖాళీ అయింది. పొద్దంత బండ్లు పోతున్నయ్, మంచాలు, మూటలు, కోళ్లు. బేగం యాడికి పోయిందో నిన్నటి నుంచి కనవడ్తలేదు. అది కూసోకున్నా పర్వాలేదు, మీసాలు నాకు ఎర్కే.

చతుర్దశి

కుంచె కట్టిన. అయిదు ఎంట్రుకలది. గోరు మీద గీసి చూసిన, గీత కనపడీ కనపడకుంట వచ్చింది.

అక్కకు పొద్దటి నుంచి జరమొచ్చింది. నిన్న సల్లనీళ్లల్ల బట్టలు పిండింది, అందుకే. ఈ చలికాలంల పొద్దుగాలనే నీళ్లల్ల చెయ్యి పెట్టకని ఎన్నిసార్లు చెప్పాలె? శొంఠి కాసి ఇచ్చిన. తాగింది. "నువ్వు పోయి నీ పని చూస్కో" అన్నది.

పోయిన. చేసుకోలేకపోయిన. కుంచె రంగుల ముంచిన, తీసిన, ముంచిన, తీసిన.

జరమే. జలుబు జరమే.

అమాస

జరం తగ్గలే. అక్క కాలు ఎడంగ పెట్టి నడుస్తున్నది. "ఏంది?" అంటె, "మంచంకోడు తగిలింది" అన్నది. మంచంకోడు తగిలినట్టుంది.

మార్గశిర శుద్ధ పాడ్యమి

మంచంకోడు తగల్లేదు.

పొద్దుగాల నీళ్ల బిందె పట్టుకొని గడప కాడ కూలవడ్డది. లేపబోతె "ఆడ ముట్టకు" అని కేకేసింది. గజ్జల్ల గడ్డ. ఎప్పటి నుంచి అంటె చెప్పది. నా అక్క, నన్ను ఎత్తుకొని పెంచిన అక్క, చీర సవరించుకుంట సిగ్గుపడ్తది నా ముందల, గడ్డ ఉన్నదని చెప్పనీకె.

చౌడికి ఉరికిన. చెప్పులు లేకుంట ఉరికిన. "మా ఇంట్ల పిలేగొచ్చింది" అన్న. "ఎలుక ఎప్పుడు పడ్డది?" అని అడిగిండ్రు. నా నోట్లకెల్లి ఏమొచ్చిందో రాస్తున్న: "ఇయ్యాలనే సూసినం."

అప్పుడు గూడ.

ఎడ్లబండిల గుడిసెల కాడికి తెచ్చిండ్రు. జొన్నచేను కోసిన జాగ. సొప్ప గుడిసెలు. మాది చివరిది. ఇంటికి తాళమేసి తాళంచెవి జవానుకిచ్చిన. బేగం కోసం చూసిన, రాలే. కాయితాలు, కలం చెద్దరుల చుట్టుకొచ్చిన. కుంచె గూడ జేబుల ఉన్నది, ఎట్ల వచ్చిందో.

విదియ

డాక్టరు రెండుసార్లు వచ్చిండు. నా మొకం సూడడు, అక్క నాడి సూసి పోతడు.

అక్క తెలివిల ఉన్నప్పుడు అడిగింది, "మీసాలు గీసినవా తమ్మీ?"

"గీసిన."

"రెండు దిక్కులా?"

"రెండు దిక్కులా గీసిన అక్క."

"మంచిగొచ్చినయా?"

"మస్తొచ్చినయ్."

"ఇంకేంది మరి" అన్నది. అని కండ్లు మూసుకున్నది. నిమ్మలమైనట్టు కనవడ్డది. నేను బయటికొచ్చి సొప్పల మొకం పెట్టి ఏడ్సిన.

తదియ

నీళ్లు దిగుతలేవు.

చవితి

అక్క పోయింది.

పౌర్ణమి

పది దినాలు రాయలే. రాసేదేమున్నది?

అక్క చీర, చెద్దరు, మంచం కాలబెట్టిండ్రు. ఆమెను నేను మోయలే, మోయనియ్యలే. దూరం నుంచి చూసిన. ఆమె సేతి బొగ్గుల కుంపటి, పొగాకు సంచి నా తాన ఉన్నయ్. అవి గూడ కాలబెట్టాల్ననిరి, దాసిపెట్టిన. దాసిపెట్టుడు నాకు బాగ వచ్చిన పనాయె.

ఇయ్యాల హలీమాబీ వచ్చింది. ఎవరో చెప్పిండ్రంట బల్మూర్ల. పుట్టిల ఏరు దాటి, రెండు దినాలు నడిచి, బండెక్కి వచ్చింది. గుడిసెల దగ్గరికి రానియ్యకపోతె అవతల గట్టు మీద కూసోని, ముసుగుల మొకం దాసుకొని గుండెలు బాదుకున్నది. నాకు మొదట కోపమొచ్చింది. చెప్పకుంట పోయినామె ఇప్పుడొచ్చి ఏడ్సుడేంది? ఆ మాట అన్న గూడ.

"చెప్పకుంట పోయిన్నా?" అన్నది ఆమె, తలెత్తి. "నన్ను పొమ్మన్నదే జోగులక్క. నీకు తెల్వదా బాలన్నా?"

ఏంది తెల్వనిది?

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్న. రేపు మల్ల నేను దాన్ని నాకు తగ్గట్టు మార్చుకోకుండ.

"షష్ఠో పంచమో, ఆ దినం పొద్దుగాల నా గడపల నిలవడ్డది. లోపలికి రా అక్కా అంటె రాలే. దూరంల నిలవడి, హలీమా, మా వంటింట్ల ఎలుకలు పడ్డయ్ అన్నది. నిన్న ఒకటి, ఇయ్యాల ఒకటి. బెండ చెట్ల కింద పాతిన, మన గోడ ఒక్కటే గోడ, నువ్వు పిల్లను తీస్కోని ఇప్పుడే బల్మూరుకు పో, ఎవ్వరికి చెప్పకు అన్నది. నువ్వెందుకు ఉంటున్నవ్ అక్కా, చౌడిల చెప్పు, నువ్వు గూడ పో అని మొత్తుకున్న, అల్లా కసం. 'నాలుగు దినాలు హలీమా, మా తమ్మునికి నాలుగు దినాల పని ఉన్నది. సున్నమోళ్లొచ్చి ఆ గోడ పూస్తె వాడు బతుకుతడా? సత్తెమ్మ పోయినప్పుడు నువ్వు సూడలేదా వాన్ని? ఆ పిల్లిని గీసినంకనే వాడు అన్నం ముట్టింది' అన్నది. టీకా ఏపిచ్చుకో అని చెప్పిన. సూదేస్తే నాలుగు దినాలు చెయ్యి లేవదంట, వానికి వండిపెట్టేదెవరు అన్నది."

బెండ చెట్ల కింద మన్ను మెత్తగున్నది.

మన్ను మెత్తగున్నదని నా చేత్తోనే రాసుకున్న.

నేను గట్టు దిక్కు జరిగి చెప్పిన. "హలీమాబీ, నాకు గూడ ఒకటి దొరికింది. అష్టమి నాడు. గోడ కింద. పిల్లి పట్టిందని పాతిపెట్టిన. అక్కకు చెప్పలే."

హలీమాబీ ఏడుపు ఆపి నా దిక్కు సూసింది. "పిల్లి పట్టిందా?"

"కాదు" అన్న.

"ఆమె నీ నుంచి దాసింది, నువ్వు ఆమె నుంచి దాసినవ్" అన్నది. "నువ్వు ఒక్క మాట అంటె ఆమె ఆ దినమే లేసొచ్చేది కదయ్యా. ఎలుక పడ్డదక్కా, పోదాం పా. ఒక్క మాట." లేసింది, ముసుగు సవరించుకున్నది, పోయింది. సలాం చెప్పలే. ఆమె తప్పేమున్నది?

ఎలుకకు పంటిగాటు లేదు. ఆ దినమే సూసిన. పుల్లతోని తిప్పి తిప్పి, పొట్ట మీద, మెడ మీద, ఈపు మీద సూసిన. యాడ గాటు లేదు. బేగం వాసన చూసి ఎందుకు పక్కకు పోయిందో నాకు తెల్సు. సిపాయిని వంక కాడ ఎందుకు పాతిన్నో నాకు తెల్సు. తెల్సినా, నా గోడ కోసం నా మనసుకే అబద్ధం చెప్పుకున్న, కాయితం మీద రాసి మరీ చెప్పుకున్న. పిల్లే పట్టింది అని. నా అక్కను నేను సంపుకున్న.

బహుళ తదియ

పొద్దుగాల చౌడికి పోయి నిజం చెప్పిన. ఎలుక అష్టమి నాడు పడ్డదని, దాసిపెట్టిన్నని, డాక్టరు అడిగితె అబద్ధమాడిన్నని. డాక్టరు ఆడనే ఉన్నడు. తిడ్తడనుకున్న. తిట్టినా బాగుండు. "మీ వాడల ఇంకో ఇద్దరు పోయిండ్రు" అన్నడు, గంతే. ఎవరని అడిగిన. మా ఎన్క ఇంటి ఎంకమ్మ, ఆమె మామ. నాకు కూసోనీకె జాగ ఇయ్యలే ఎవ్వరు. నేను గూడ అడగలే.

రేపు మా ఇంటికి సున్నం కొట్టనీకె పోతరంట. నేనే కొడ్త అన్న.

బహుళ చవితి

ఇయ్యాల ఇల్లు తెరిసిండ్రు. పెంకులు అక్కడక్కడ పీకి ఎండ లోపలికి ఇడిసిండ్రు. జవాన్లు బయటి గోడలు కొట్టుకుంట పోయిండ్రు. "లోపల నువ్వే కానియ్, జల్ది" అన్నరు. అక్క సున్నం కుంచె దూలానికి చెక్కినట్టే ఉన్నది. దసరకు కడిగి, ఆరబెట్టి, మల్ల దసర కోసం చెక్కింది.

మీసాలు లేని బేగం గోడల నుంచి సూస్తున్నది. జేబుల అయిదెంట్రుకల కుంచె ఉన్నది. ఒక గడియ పడ్తది గియ్యనీకె, ఎవ్వరు వద్దనేటోళ్లు లేరు. గీసిన అని అక్కకు చెప్పిన గద. తీసి పట్టుకున్న. ఆ కుంచెను పొయ్యిల ఏసిన.

అటెన్క సున్నం కుంచె ముంచి ఎర్రపిల్లి కాడ మొదలుపెట్టిన, సత్తెమ్మ పిల్లి కాడ. అప్పుడు చేతికి తగిలింది.

అంచు.

పిల్లి సుట్టూర సున్నం అంచు కట్టున్నది, ఏలు మందం. పదమూడు దసరలు, దసరకు రెండు పూతలు. చెవి సుట్టు చెవి తీరు తిరిగింది. కాలిగోర్ల సందుల గూడ పోయింది. అక్కడ కుంచె పోదు, ఏలితోని పెట్టింది, ఏలి గుర్తులున్నయ్. పదకొండు పిల్లులకు పదకొండు అంచులు. పదమూడేండ్లు ఈ గోడ ముందల కూసున్న, ఒక్కనాడు సూడలే. చెవి మీద పడ్డ చుక్కను సూసిన. చుక్క పడ్డదని అరిసిన. నేను చెప్తె ఇడిసిపెడ్తదని రాసుకున్న. ఇంత పని చెప్తె చేస్తరా ఎవరన్న?

"ఓ అక్కా" అని ఒర్రిన. జవాను తొంగి చూసి పోయిండు.

కొట్టిన. అన్నిటి మీద కొట్టిన, ఒక్కొక్క దాని మీద రెండు పూతలు, ఆమె కొట్టినట్టే. నల్లది, సారలది, కుంటిది, ఎర్రది. ఆఖరుకు బేగం. కండ్ల మీద కొట్టేటప్పుడు చెయ్యి ఆగింది, మల్ల కొట్టిన.

బేగం, అసలు బేగం, హలీమాబీ మిద్దె మీద నుంచి దిగొచ్చింది. చిక్కి సగమయింది. గడపల ఎండ పడ్డ కాడ కూసున్నది. నేను కూసొమ్మనలే, పాలు పొయ్యలే. గంటసేపు కదలకుంట కూసున్నది.

మధ్యాన్నానికి సున్నం ఆరింది. పెంకులు పీకిన సందులకెల్లి ఎండ గోడ మీద అడ్డంగ పడ్డది. సూస్తె పిల్లులున్నయ్. రంగు లేదు, కండ్లు లేవు, ఉత్త తెలుపు. గని అంచు నీడ పడి ఒక్కొక్కటి లేసి కనవడ్తున్నది, చెవులు, తోకలు, గోర్లు. పదకొండు. నేను గీసినయ్ కావు అవి. అక్క గీసినయ్.

పన్నెండోది యాడ ఉండెనో ఆడికి పోయి చేత్తోని తడిమిన. దాని సుట్టు అక్క ఒక్క దసర గూడ సున్నం కొట్టలే. గోడ సాపుగ ఉన్నది. చేతికి ఏం తగల్లే.